పోలీసు చీటీ ఉంటేనే ప్యాంటు

ధారావాహిక: కొలువుకు కట్టిన బట్టలు – 9వ భాగం

గత భాగం బందరు అద్దకాల దగ్గర ఆపాం. 1669లో ఫ్రెంచి కంపెనీ గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో కోఠీ తెరిచింది. కోరమాండల్ రేవుల నుంచి ఓడలెక్కిన పూల అద్దకాలు ప్యారిస్‌లో దొరసాని మొదలుకొని వంటమనిషి దాకా అందరికీ నచ్చాయి. అదే వాటి కొంప ముంచింది. పట్టు, ఉన్ని నేతగాళ్ళ గగ్గోలు విని 1686లో రాజు వాటిని నిషేధించాడు. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. అది ఇంకా అమల్లో ఉండగానే తర్వాతి రాజుగారి ప్రియురాలు మదాం ద పాంపదూర్ తన ఇంట్లో ఆ గుడ్డలు దర్జాగా వాడుకుంది. ఆడదాని ఒంటిమీది గుడ్డ సర్కారువారి వ్యవహారం అనే అలవాటు ప్యారిస్‌కు అప్పటి నుంచే ఉంది.

ఇక రాజులు పోయారు. విప్లవం వచ్చింది, అందరూ సమానమంది. విప్లవం వచ్చిన పదకొండేళ్ళకు, 1800 నవంబరు 7న, ప్యారిస్ పోలీసు ప్రిఫెక్టు ద్యుబువా ఒక ఆజ్ఞ జారీ చేశాడు. మగవాడిలా బట్టలు వేసుకోదలచిన ఏ స్త్రీ అయినా పోలీసు కచేరీకి వచ్చి అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి కూడా ఊరికే ఇవ్వరు. ఆరోగ్య కారణం చేత అవసరమని వైద్యుడు రాసిచ్చిన పత్రం చూపాలి. చీటీ లేకుండా దొరికితే అరెస్టు. రాజధానికీ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళకీ వర్తించిన ఈ ఆజ్ఞను అధికారికంగా చెల్లని కాగితమని ప్రభుత్వం ఒప్పుకున్నది 2013లో. మధ్యలో నెపోలియన్లు ఇద్దరు వచ్చి వెళ్ళారు, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, ఈఫిల్ టవర్ లేచింది.

ప్యారిస్ ఆడవాళ్ళకు ప్యాంటు ఫలానా డిజైనరు ప్రసాదించాడని ఫ్యాషన్ పుస్తకాలు రాస్తాయి. నాకు ఆ కథ మీద నమ్మకం లేదు. ఈ రెండు వందల ఏళ్ళ దస్తావేజులు వరసగా పెట్టి చూస్తే కనిపించేది వేరు. ప్యాంటు పని వల్ల వచ్చింది. గుర్రాల సంత, సైకిలు, యుద్ధంలో భర్త వదిలి వెళ్ళిన బీరువా, వీటి వల్ల వచ్చింది. పేరున్న దర్జీలు తర్వాత వచ్చి దానికి ధర కట్టారు. అన్నిటికన్నా ఆలస్యంగా అది చేరిన చోట్లు అధికారం కూర్చునే గదులు.

ముందు గుర్రాల సంత.

1850ల మొదట్లో ప్యారిస్ దక్షిణాన ఆసుపత్రి బులివారు మీద గుర్రాల సంత జరిగేది. బలిసిన లాగుడు గుర్రాలు, బూతులు తిట్టే దళారులు, కాళ్ళ కింద బురద, పేడ. రోజా బోనర్ అనే చిత్రకారిణికి అక్కడ పని పడింది. ఆమె వేస్తున్న చిత్రం చిన్నా చితకా కాదు, రెండున్నర మీటర్ల ఎత్తు, అయిదు మీటర్ల వెడల్పు. గుర్రం కండ ఎక్కడ బిగుస్తుందో, మెడ ఎలా తిప్పుతుందో దగ్గర నుంచి చూడాలి. నేల ఊడ్చే గౌను కట్టుకుని ఆ బురదలో దిగడం ఎలా? దిగినా ఆ మగవాళ్ళ మధ్య ఆమెను నిలబడనిస్తారా? ఆమె పోలీసు కచేరీకి వెళ్ళి చీటీ తెచ్చుకుంది. 1857 నాటి అలాంటి చీటీ ఒకటి ఇప్పటికీ ఉంది. అచ్చేసిన నమూనా కాగితం, ఖాళీల్లో పేరు నింపడమే. కారణం ‘ఆరోగ్యం’. గడువు ఆరు నెలలు, తర్వాత మళ్ళీ తీసుకోవాలి. కింద ఒక షరతు. ఈ వేషంలో నాటకాలకు, నృత్యాలకు, జనం గుమిగూడే వేడుకలకు వెళ్ళరాదు.

ఆ షరతును కొంచెం ఆగి చూడాలి. పనికి వేసుకో, సరదాకి వేసుకోకు అని ప్రభుత్వమే రాసిచ్చింది. అంటే, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ప్యాంటు ఆడవాళ్ళకు పనిబట్ట అని పోలీసులే మొదట గుర్తించారు. బోనర్ కూడా అదే మాట చెప్పేది, అవి తన పనిబట్టలే తప్ప మరేమీ కావని. ‘గుర్రాల సంత’ చిత్రాన్ని 1853లో ప్రదర్శించారు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1865లో మహారాణి యూజెనీ స్వయంగా వచ్చి ఆమెకు లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం పెట్టింది. ఆ పతకం అందుకున్న మొదటి చిత్రకారిణి ఆమే.

ఆమెకన్నా ముందు 1830లలో జార్జ్ సాండ్ చీటీ గీటీ లేకుండానే మగ కోటు తొడుక్కుని తిరిగింది. ఆమె లెక్క మరీ సూటిగా ఉంటుంది. పల్లె నుంచి వచ్చిన కొత్త రచయిత్రి, చేతిలో డబ్బు తక్కువ. పల్చటి చెప్పులు ప్యారిస్ రాళ్ళ మీద రెండు రోజుల్లో చిరుగుతాయి, పట్టు గౌను బురదకు పాడవుతుంది. మగ కోటు, ఇనుప మేకుల బూట్లు చవక. పైగా నాటకశాలలో చవక టికెట్ల చోట ఆడవాళ్ళను రానివ్వరు, కోటు వేసుకుంటే ఎవరూ అడగరు. పత్రికల్లో రాసి బతకాలంటే నాటకాలు చూడాలి కదా.

వీళ్ళిద్దరూ పేరున్నవాళ్ళు. ఊరంతా అలా లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ప్యారిస్‌లో జీతానికి వెళ్ళే ఆడవాళ్ళు వేల సంఖ్యలో ఉన్నారు. వాళ్ళ యూనిఫారం నల్ల రంగు.

పెద్ద దుకాణాలతో మొదలైందది. 1852లో అరిస్తీద్ బూసికో భాగస్వామిగా చేరిన బాన్ మార్షే, తర్వాత లూవ్ర్, ప్రింతాం, సమరితేన్. ధర రాసి పెట్టి అమ్మడం, నచ్చకపోతే వాపసు తీసుకోవడం, ఇవన్నీ అప్పుడు కొత్త. ఆడవాళ్ళు అమ్మకాల గదుల్లో నిలబడటం కూడా కొత్తే. కొనడానికి వచ్చే దొరసాని ఆకుపచ్చ, ఊదా, గులాబీ రంగుల్లో వస్తుంది. అమ్మే అమ్మాయి నల్ల పట్టు గౌనులో ఉండాలి. పట్టెందుకంటే, దుకాణం పరువు కోసం. నలుపెందుకంటే, ఎవరు కొనేవారో ఎవరు అమ్మేవారో గది ఆ చివర నుంచి కూడా తెలియాలి. ఎమిల్ జోలా 1883లో ఈ దుకాణాల మీద రాసిన నవలలో పల్లెటూరి నుంచి వచ్చిన దెనీజ్‌కు మొదటి రోజు ఇచ్చిన నల్ల పట్టు గౌను ఒంటికి సరిపోక వేలాడుతుంది. తోటి అమ్మాయిలు నవ్వుతారు. జోలా ఈ నవల కోసం దుకాణాలకు స్వయంగా వెళ్ళి నోటు పుస్తకాలు నింపుకున్న మనిషి కాబట్టి ఆ గౌను మీద అనుమానం అక్కర్లేదు. పెళ్ళికాని అమ్మకపు పిల్లలు చాలామంది దుకాణం పై అంతస్తు గదుల్లోనే ఉండేవారు. పట్టు గౌను కింద, సాక్సులో చిల్లి.

వాళ్ళు రోజంతా నిలబడేవారు. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు. బిగించి కట్టిన నడుముపట్టీ, ఎత్తు మడమ, పది పన్నెండు గంటల నిలబాటు. చివరికి డాక్టర్లు, సంఘాలు గొడవ చేస్తే 1900 డిసెంబరు 29న ఒక చట్టం వచ్చింది. దుకాణంలో ఎంతమంది ఆడవాళ్ళు పని చేస్తున్నారో అన్ని కుర్చీలు ఉండాలి. చట్టం అంతే, కుర్చీల చట్టం. మన బట్టల షాపుల్లో చీరలు పరిచే అమ్మాయిలు సాయంత్రానికి కాళ్ళు ఎలా రుద్దుకుంటారో చూసినవాళ్ళకు ఆ చట్టం ఎందుకు వచ్చిందో చెప్పనక్కర్లేదు. కేరళ, తమిళనాడు ఇలాంటి చట్టాలు మొన్న మొన్ననే చేశాయి.

దుకాణంలో అమ్మేవాళ్ళది ఈ కథ. కుట్టేవాళ్ళది ఇంకో కథ. ర్యూ ద లా పే అనే వీథిలో వర్త్, పాకాం లాంటి గొప్ప గొప్ప ఫ్యాషన్ గృహాలు ఉండేవి. మేడ మీద వరసగా కుట్టు గదులు. ఒక్కో గదిలో సూది పట్టిన అమ్మాయిలు, వాళ్ళ మీద ఒక పెద్దావిడ. మధ్యాహ్నం అరగంట విరామంలో తోటలో బల్లల మీద కూర్చుని రొట్టె తినే ఈ అమ్మాయిలను ఊరంతా మిడినెట్లు అని ముద్దుగా పిలిచింది. పాటలు కట్టింది. పాకాం గృహం నుంచి వాళ్ళు గుంపుగా బయటికి వస్తుంటే జాం బెరో చిత్రం గీశాడు. తాము కుట్టే గౌను కొనడానికి వాళ్ళ జీతం చాలదు. కానీ గదిలో మిగిలిన ముక్క, చూసి నేర్చుకున్న కత్తిరింపు, అద్దంలో ఒకసారి చూసుకునే కన్ను ఉన్నాయి. చవక గుడ్డతోనే వచ్చే యేటి వాటాన్ని ఈ యేడే తొడిగేసేవారు. ప్యారిస్ ఫ్యాషన్ ఎలా కిందికి దిగింది అంటే, ధనికుల ఇంటి నుంచి కాదు, వీళ్ళ భుజాల మీద నుంచి దిగింది.

1917 మేలో వీళ్ళు ఒక్కసారిగా వీథిలోకి వచ్చారు. యుద్ధం మూడో ఏడు. షాంజెలీజే మీద ఉన్న జెనీ అనే గృహంలో యజమాని శనివారం మధ్యాహ్నం పని లేదన్నాడు. పని లేదు, కాబట్టి కూలీ కూడా లేదు. అమ్మాయిలు సూదులు పడేసి లేచారు. ఒక గృహం నుంచి మరో గృహానికి నడిచారు, కిటికీల కింద నిలబడి పైవాళ్ళను దిగి రమ్మన్నారు. కొద్ది రోజుల్లో వేలమంది అయ్యారు. వాళ్ళు అడిగింది రెండు. శనివారం మధ్యాహ్నం సెలవు, జీతంతో సహా. పెరిగిన ధరలకు రోజుకు ఒక ఫ్రాంకు భత్యం. టోపీలు పెట్టుకుని, పూలు గుచ్చుకుని, పాటలు పాడుతూ నడిచే ఈ సమ్మెను పత్రికలు మొదట తమాషాగా రాశాయి. జూన్ 11న పార్లమెంటు బట్టల పరిశ్రమలో ఆడవాళ్ళకు శనివారం మధ్యాహ్నపు సెలవు చట్టం చేసేసరికి తమాషా వదిలింది. బాగా ముస్తాబై సమ్మె చేయడం వాళ్ళకు పనికొచ్చిందనే నేననుకుంటాను. అంత చక్కగా తయారైన అమ్మాయిల మీద లాఠీ ఎత్తడానికి పోలీసుకు కూడా చేయి రాదు.

ఇంతలో సైకిలు సంగతి. 1890లలో ప్యారిస్ సైకిలు పిచ్చిలో పడింది. గౌను అంచు గొలుసులో పడితే చచ్చేంత ప్రమాదం. ఆడవాళ్ళు మోకాలి కింద బిగించిన బుంగ లాగులు తొడుక్కోవడం మొదలెట్టారు. ప్రభుత్వానికి ఇరకాటం. ఆజ్ఞ రద్దు చేయలేదు, వదిలిపెట్టనూ లేదు. 1892లోనూ, 1909లోనూ సర్క్యులర్లు పంపి మినహాయింపు ఇచ్చింది. చేతిలో సైకిలు హ్యాండిలో, గుర్రం కళ్ళెమో ఉంటే ప్యాంటు నేరం కాదు! హ్యాండిలు వదిలితే నేరమా? సైకిలు పంక్చరై నడిపించుకుంటూ వెళ్తే? అధికారులు రాసే కాగితాల్లో ఇలాంటి గమ్మత్తులు ఏ దేశంలోనైనా ఉంటాయి.

ఆ ఆజ్ఞ ఉత్త బొమ్మ కూడా కాదు. 1930లో వియోలెత్ మోరీస్ అనే క్రీడాకారిణి కోర్టుకెళ్ళింది. ఆడవాళ్ళ క్రీడా సమాఖ్య ఆమెకు లైసెన్సు ఇవ్వనంది, కారణాల్లో ఒకటి ఆమె ప్యాంటు వేసుకుని తిరగడం. మోరీస్ నష్టపరిహారం అడిగింది. తీర్పులో నూట ముప్పై ఏళ్ళ నాటి ఆజ్ఞను గుర్తు చేస్తూ ఆమె దావా కొట్టేశారు.

ఇక షనేల్. గాబ్రియేల్ షనేల్ పేరు లేకుండా ఈ కథ ఎవరూ రాయరు, నేనూ రాయను. కానీ ఆమె చేసినది ప్యాంటు కాదు. ఆమె చేసింది జేబు. అంతకుముందు మగవాళ్ళ లోదుస్తులకు వాడే బనీను గుడ్డను తీసుకుని 1910లలో ఆడవాళ్ళ పైబట్ట కుట్టింది. సాగుతుంది, ఒంటిని పట్టి ఉంచదు, యుద్ధ కాలంలో దొరుకుతుంది. 1939లో దుకాణం మూసి, 1954 ఫిబ్రవరి 5న, డెబ్బై ఏళ్ళ వయసులో మళ్ళీ ప్రదర్శన పెట్టింది. ప్యారిస్ పత్రికలు పెదవి విరిచాయి. అమెరికాలో ఆదరణ దొరికింది. ఆ తర్వాత కొన్నేళ్ళలో తీరిన ఆమె ట్వీడు సూటును దర్జీ కన్నుతో చూడాలి. మెడపట్టీ లేదు, కాబట్టి మెడ నొక్కదు. చంకభాగం పైకి కత్తిరించి ఉంటుంది, కాబట్టి చేయి ఎత్తితే కోటంతా లేవదు. అస్తరును పైగుడ్డకు నిలువు కుట్లతో కలిపి కుడతారు, కాబట్టి లోపల గట్టి కాన్వాసు అక్కర్లేదు. కోటు కింది అంచు లోపల సన్నటి ఇత్తడి గొలుసు కుట్టి ఉంటుంది, దాని బరువుకి గుడ్డ తిన్నగా జారుతుంది. ప్రతి గుండీకీ కాజా ఉంటుంది. జేబుల్లో చేయి దూరుతుంది.

ఆ చివరి మాట మన ఆడవాళ్ళకు ఎక్కువ అర్థమవుతుంది. ఎంత ఖరీదైన చుడీదారు కొన్నా జేబు కోసం దర్జీని బతిమాలాలి. అతను సగం ఫోను పట్టేంత జేబు పెడతాడు. 1955 ఫిబ్రవరిలో షనేల్ భుజానికి తగిలించుకునే గొలుసు సంచి కూడా తెచ్చింది. దానికి ముందు ఆడవాళ్ళ సంచులు ఎక్కువగా చేత్తోనే పట్టుకోవాలి. ఒక చేయి సంచికి పోతే ఫైలు పట్టడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. సంచి భుజానికి ఎక్కాక రెండోది దొరికింది.

అయితే ఆఫీసుకు వెళ్ళే టైపిస్టు ర్యూ కాంబోన్‌కు వెళ్ళి షనేల్ సూటు కొనదు కదా. ఆమె ‘ఎల్’ పత్రిక కొంటుంది. 1945లో ఎలేన్ లజారెఫ్ మొదలుపెట్టిన వారపత్రిక అది. బొమ్మ చూసి, కాగితపు నమూనా కొని, ఇంటి దగ్గరి దర్జీ ఆవిడకు ఇస్తుంది, లేదా తనే కుట్టుకుంటుంది. తర్వాత ప్రిజునిక్ లాంటి చవక దుకాణాలు మంచి గీతల బట్టలు తక్కువ ధరకు అమ్మసాగాయి. ఒక స్కర్టు, రెండు జాకెట్లు, మెడకు ఒక రుమాలు. వారానికి అయిదు రోజులు గడిపేవి ఆ నాలుగే. ప్యారిస్ పిల్ల తక్కువ బట్టల్తో ఎక్కువ సోకు చేస్తుందని పేరు. జీతం తక్కువ కావడం ఆ పేరుకు సగం కారణం.

కొంచెం వెనక్కి వెళ్ళాలి, యుద్ధం మిగిలిపోయింది. 1940 జూన్‌లో జర్మన్లు ప్యారిస్‌లో దిగారు. సుమారు 18 లక్షల ఫ్రెంచి సైనికులు బందీలయ్యారు. ఇళ్ళల్లో భర్తల బట్టలు బీరువాల్లో ఉన్నాయి, భర్తలు లేరు. అదే ఏడు అక్టోబరులో, జర్మన్లతో సహకరించిన విషీ ప్రభుత్వం పెళ్ళైన ఆడవాళ్ళను ప్రభుత్వ కొలువుల్లోకి తీసుకోవద్దని చట్టం చేసింది. ఇంట్లో సంపాదించేవాడు లేనప్పుడు ఆడది ఇంట్లో ఉండాలని చెప్పిన చట్టం ఎంతకాలం నిలుస్తుంది? 1942లో దాన్ని పక్కన పెట్టారు. బట్టలకు రేషను కార్డు వచ్చింది. తోలు జర్మన్లకు పోయింది, చెప్పులకు చెక్క అడుగులు వచ్చాయి. మెట్రో మెట్ల మీద టకటక చప్పుడు. పట్టు మేజోళ్ళు లేవు. కాళ్ళకు రంగు పూసుకుని, వెనక కుట్టు గీతను పెన్సిలుతో గీసుకునేవారు. మంగలి దగ్గర కరెంటు లేదు, తలకు గుడ్డ చుట్టుకునేవారు. పెట్రోలు లేదు, ఊరంతా సైకిలెక్కింది. చలికి పొయ్యి లేని ఆఫీసులకు చీలిన స్కర్టులు, భర్త ప్యాంట్లు వేసుకుని వెళ్ళారు. ఇదంతా ఏ డిజైనరూ గీయలేదు.

యుద్ధం పోయాక 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ ఆ నడుములు మళ్ళీ బిగించాడు. గజాల కొద్దీ గుడ్డ మింగే గౌన్లు. ర్యూ లెపిక్ సంతలో ఫోటోలు తీయడానికి ఆ గౌన్లు తొడిగిన అమ్మాయిలను తీసుకెళ్తే, అక్కడి ఆడవాళ్ళు వాళ్ళ మీదపడి గౌన్లు చింపారు. తప్పెవరిదంటే నేను తీర్పు చెప్పలేను. కానీ ఆ గౌను వేసుకుని బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళలేరన్నది మాత్రం ఖాయం.

ఇక్కడ ఒక చట్టం చెప్పాలి. ఆడవాళ్ళు మొదటిసారి ఓటు వేసింది 1945 ఏప్రిల్‌లో. తను సంపాదించిన జీతం తనే ఖర్చు పెట్టుకునే హక్కు పెళ్ళైన స్త్రీకి 1907లో వచ్చింది. కానీ భర్త వద్దంటే ఉద్యోగం చేయకుండా ఆపే వీలు 1965 జూలై 13 దాకా ఉంది. ఆ రోజు వచ్చిన చట్టంతో ఫ్రాన్స్‌లో పెళ్ళైన ఆడవాళ్ళు భర్త సంతకం లేకుండా ఉద్యోగం చేసుకోవచ్చు, బ్యాంకు ఖాతా తెరుచుకోవచ్చు. అదే 1965లో ఫ్రాన్స్‌లో తయారైన ఆడ ప్యాంట్ల సంఖ్య మొదటిసారి స్కర్టులను దాటింది. ఈ రెండూ ఒకే ఏడు జరగడం కాకతాళీయమని ఎవరైనా అంటే, అనుకోనివ్వండి.

డిజైనరు ఇవ్ సాం లోరాం తన ప్రసిద్ధమైన ‘స్మోకింగ్’ సూటును చూపించింది ఆ మరుసటి ఏడు, 1966లో. అప్పటికే 1964లో మరో డిజైనరు కూరేజ్ ఆడవాళ్ళ ప్యాంటు సూట్లు చూపించి ఉన్నాడు. సాం లోరాం సూటు మగవాళ్ళ విందు కోటును ఆడ ఒంటికి కత్తిరించినది. ఖరీదైన గృహం ఖాతాదారులు దాన్ని పట్టించుకోలేదు. అదే ఏడు సెప్టెంబరులో ర్యూ ద తూర్నోన్‌లో అతను రీవ్ గోష్ పేరుతో రెడీమేడ్ దుకాణం తెరిచాడు. అక్కడ చవక రకం పెడితే జీతగత్తెలు, విద్యార్థినులు ఎగబడి కొన్నారు. ఈ సంగతి ఫ్యాషన్ చరిత్రల్లో మూలన ఒక వాక్యంగా ఉంటుంది. 1975లో హెల్ముట్ న్యూటన్ రాత్రి వీథిలో తీసిన ఆ సూటు ఫోటో పుస్తకం నిండా ఉంటుంది.

వీథి ఒప్పుకుంది. కాలేజీ ఒప్పుకుంది. 1969లో ప్యారిస్ నగర సభ్యుడొకరు, డాక్టర్ బెర్నార్ లఫే, 1800 నాటి ఆజ్ఞను రద్దు చేయమని అడిగాడు. పోలీసు ప్రిఫెక్టు మోరీస్ గ్రిమో వద్దన్నాడు. ఫ్యాషన్ ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియదు, మళ్ళీ ఎప్పుడైనా పనికి రావచ్చు కాబట్టి పాత నిబంధనల జోలికి పోకపోవడం మంచిదని అతని జవాబు సారం. ముందు ఏడు మేలో విద్యార్థుల తిరుగుబాటుతో ఊరంతా బారికేడ్లు లేచినప్పుడు రక్తపాతం కాకుండా చూశాడని మంచి పేరున్న అధికారి ఆయన. అయినా ప్యాంటు దగ్గర జాగ్రత్త పడ్డాడు.

జాగ్రత్త పడ్డవాళ్ళు ఇంకా ఉన్నారు. 1972లో మంత్రి ఎడ్గార్ ఫోర్ దగ్గర సలహాదారుగా ఉన్న యువతి మిషెల్ అల్యో-మారీ జాతీయ సభ గుమ్మం దగ్గరికి ప్యాంటులో వచ్చింది. ద్వారపాలకుడు ఆపాడు. ప్యాంటే అభ్యంతరమైతే ఇక్కడే విప్పేస్తానంది. అతను దారిచ్చాడు. తర్వాతి రోజుల్లో ఆమె రక్షణ మంత్రి అయి సైన్యానికి ఆజ్ఞలిచ్చింది. 1976లో విశ్వవిద్యాలయాల శాఖ చూసే అలీస్ సోన్యే-సేయితే ప్యాంటులో వస్తే, అది పదవి గౌరవానికీ ఫ్రాన్స్ పరువుకీ భంగమని ప్రధాని షిరాక్ కార్యాలయం ఆమెకు కబురు చేసింది. 1978లో కమ్యూనిస్టు సభ్యురాలు షాంతాల్ లెబ్లాం ప్యాంటు తొడుక్కుని సభలోకి వచ్చి కూర్చుంది. అప్పటికి షోకేసు బొమ్మలన్నిటికీ ప్యాంట్లున్నాయి.

విమానాలలో మరీ ఆలస్యం. ఎయిర్ ఫ్రాన్స్ తన పరిచారికల యూనిఫారాన్ని గొప్ప గొప్ప దర్జీలతోనే కుట్టించుకుంది, 1969లో బాలెన్సియాగా, అంతకుముందు డియోర్ గృహం. ఇన్ని పేర్లున్నా ప్యాంటు లేదు. క్రిస్టియన్ లక్రోవా యూనిఫారంతో 2005లో వచ్చింది. ఎగిరే ఆఫీసులో పై అరలో పెట్టె సర్దే మనిషికి స్కర్టు ఎంత ఇబ్బందో ఆలోచించడానికి అంతకాలం పట్టింది.

చట్టం ఏమంటుందని అడగవచ్చు. ఫ్రెంచి కార్మిక చట్టం ప్రకారం చేసే పనికి అవసరమైతే తప్ప, ఆ అవసరానికి మించకుండా తప్ప యజమాని ఉద్యోగి స్వేచ్ఛ మీద ఆంక్ష పెట్టకూడదు. కానీ 2003లో ఒక ఉద్యోగిని బట్టల కారణంగా తీసేసిన కేసులో, పని చోట నచ్చిన బట్ట వేసుకోవడం ప్రాథమిక స్వేచ్ఛ కిందికి రాదని సుప్రీం స్థాయి న్యాయస్థానం చెప్పింది. ఆ ఉద్యోగి మగవాడు. అతను తొడుక్కొచ్చింది మోకాలి పైకి ఉండే నిక్కరు. ప్యాంటు ఎక్కువైందని రెండు వందల ఏళ్ళు ఆడవాళ్ళను వేధించిన దేశంలో ప్యాంటు తక్కువైందని మగవాడి కొలువు పోయింది.

ఇదే కాలంలో గొడవ మోకాలి నుంచి తలకు ఎక్కింది. ప్రభుత్వ ఉద్యోగులు పని చోట మతచిహ్నాలు ధరించరాదని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2000లో చెప్పింది, కాబట్టి ముస్లిం ఆచారం ప్రకారం తలకు గుడ్డ కట్టిన టీచరూ పోస్టాఫీసు గుమాస్తా ఉండరు. ప్రైవేటు కంపెనీల సంగతి మరింత చిక్కు. ఒక ఫ్రెంచి కంపెనీలో ఇంజనీరు ఖాతాదారు దగ్గరికి తలగుడ్డతో వెళ్తే, అతను అభ్యంతరం చెప్పాడని ఆమెను తీసేశారు. 2017 మార్చిలో ఐరోపా న్యాయస్థానం, ఖాతాదారుకు నచ్చకపోవడం అనేది ఉద్యోగానికి తప్పనిసరి అవసరం కిందికి రాదంది. అదే రోజు మరో కేసులో, మత, రాజకీయ చిహ్నాలేవీ ఎవరూ ధరించరాదని అందరికీ ఒకేలా నియమం పెట్టుకుంటే అది నేరుగా వివక్ష కాదని కూడా అంది. ఇంజనీరు గెలిచింది కానీ తలుపు సగమే తెరుచుకుంది. ప్యాంటు కథ చదివినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. పని చేయగలదా అని కాదు, ఆమెను చూసి ఎదుటివాడు ఏమనుకుంటాడు అన్నదే ఇక్కడా ప్రశ్న.

శివారు ప్రాంతాల్లో లెక్క తిరగబడింది కూడా. అక్కడి వీథుల్లో స్కర్టు వేసుకుంటే మాటలు పడాల్సి వస్తుందని అమ్మాయిలు ప్యాంటులోకి దాక్కున్నారు. 2009లో ఇజబెల్ అజాని నటించిన ‘స్కర్టు దినం’ అన్న సినిమాలో స్కర్టు వేసుకుని బడికి వచ్చే టీచరు ప్రభుత్వాన్ని కోరేది ఒక్కటే, స్కర్టు వేసుకునే ఒక రోజు. ఆ పాత్రకు అజానికి సెజార్ పురస్కారం వచ్చింది. టీచరు కొలువుకు ఏది కట్టాలన్నది ఏ బడిలో అయినా తేలని చర్చే. మన ఊళ్ళో చీరా చుడీదారా అంటారు.

చివరికి 1800 ఆజ్ఞ. 2012లో సెనేటరు ఆలాం ఊపేర్ మంత్రిత్వ శాఖకు ప్రశ్న రాశాడు, ఈ కాగితాన్ని ఇంకా ఎందుకు ఉంచారని. 2013 జనవరి 31న మహిళా హక్కుల మంత్రి నజాత్ వాలో-బెల్కసెమ్ జవాబిచ్చింది. రాజ్యాంగంలో స్త్రీ పురుషులు సమానమని రాసిన రోజునే అది చెల్లకుండా పోయిందని, ఇప్పుడది పోలీసు ప్రిఫెక్చరు దస్తావేజుల్లో ఉన్న పాత కాగితం మాత్రమేనని. కాబట్టి రద్దు చేయనక్కర్లేదట. చట్టపరంగా ఆమె మాట నిజమే.

ఆ జవాబు రావడానికి ఆరు నెలల ముందు, 2012 జూలై 17న, గృహ వసతి మంత్రి సెసీల్ డ్యుఫ్లో సభలో ప్రశ్నలకు జవాబు చెప్పడానికి లేచింది. మేలో మొదటి మంత్రివర్గ సమావేశానికి జీన్సు వేసుకెళ్ళిందని పత్రికలు రెండు రోజులు గొడవ చేశాయి. ఈసారి తెల్లా నీలం పూల గౌను వేసుకుంది. మోకాళ్ళు కప్పే మామూలు గౌను. ప్రతిపక్షం బల్లల నుంచి ఈలలు, కేకలు. ఆమె కాసేపు ఆగి ప్రసంగం మొదలుపెట్టింది. తర్వాత ఒక సభ్యుడు, అవి మెచ్చుకోలు ఈలలే అన్నాడు. మరొకాయన, తను చెప్పేది ఎవరూ వినకూడదనే ఆ గౌను వేసుకుందేమో అన్నాడు. ఆ రోజు ఆమె మాట్లాడింది ప్యారిస్ మహానగర అభివృద్ధి గురించి.

వచ్చే భాగం న్యూయార్క్: టైపు మిషను ముందు కూర్చున్న మొదటి అమ్మాయిలు, వాళ్ళ విడదీయగలిగే తెల్ల కాలర్లు, 1911లో మంటల్లో చిక్కుకున్న ట్రయాంగిల్ జాకెట్ల కర్మాగారం.